చిప్‌లో లేని సౌకర్యానికి డ్రైవర్ "లేదు" అని ఎక్కడ, ఎలా చెప్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒకే డిస్‌ప్లే డ్రైవర్‌తో, అంటే తెర చిప్‌ను నడిపే కెర్నల్ కోడ్‌తో, మూడు తరాల చిప్‌లను నడుపుతున్నారు. మొదటి తరానికి తెరపై బొమ్మను 90 డిగ్రీలు తిప్పే శక్తి లేదు. రెండో తరానికి రంగుల వెలుగును సరిచేసే గామా పట్టిక లేదు. మూడో తరంలో అన్నీ ఉన్నాయి కాని, దాని చౌక రకంలో బొమ్మను పెద్దది, చిన్నది చేసే స్కేలర్‌ను ఫ్యాక్టరీలోనే ఫ్యూజ్ ద్వారా మూసేశారు. లేని సౌకర్యాన్ని పైనున్న ప్రోగ్రామ్ అడిగినప్పుడు మీ కోడ్ ఒక చోట ఈఇన్వాల్ (అడిగింది చెల్లదు), ఇంకో చోట ఈనోడెవ్ (పరికరం లేదు), మరో చోట ఈనాట్‌సప్ (ఆధారం లేదు) అనే ఎర్రర్ నెంబర్లు ఇస్తోంది. రెండు చోట్ల మాత్రం ఏ పనీ చేయకుండానే సున్నా, అంటే "అయింది" అని జవాబిస్తోంది. వీటన్నింటినీ ఒకే ఎర్రర్ నెంబరుకు మార్చితే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. నెంబరు ఏదన్నది చివర తేల్చుకోవలసిన సంగతి. "లేదు" అనే మాటను ఎవరు చెప్పాలి, ఎంత ముందుగా చెప్పాలి అన్నది మొదట తేలితే నెంబరు చాలా వరకు దానంతట అదే కుదురుకుంటుంది. అంతకంటే ముందు ఆ రెండు సున్నాలను తీసేయండి. తప్పు నెంబరు ఇచ్చే డ్రైవర్‌ను నేను సహించగలను కాని, చేయని పనిని చేశానని చెప్పే డ్రైవర్‌ను సహించలేను. ఎందుకో నా అనుభవంలోంచే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఉత్తర తెలంగాణలోని ఒక మార్కెట్ యార్డు కోసం ధరల బోర్డు తయారుచేశాము. మిర్చి సీజన్‌లో గేటు దగ్గర నిలబెట్టే పొడవాటి తెర అది. రైతుకు దూరం నుంచే రకం పేరు, క్వింటాలు ధర కనిపించాలి. ప్యానెల్ అసలు 1920×1080 అడ్డం రకం. దానిని నిలువుగా బిగించి, బొమ్మను 90 డిగ్రీలు తిప్పి చూపాలన్నది ఏర్పాటు. మా టేబుల్ మీద కొత్త చిప్‌తో అంతా చక్కగా నడిచింది. యార్డుకు పంపిన బోర్డులలో కొన్నింటికి పాత చిప్ వచ్చింది. తెల్లవారుజామున బస్తాలు దిగుతున్న సమయంలో బోర్డు ఆన్ చేస్తే "తేజ" అన్న పేరు, పక్కన ధర రెండూ పక్కకు పడుకొని కనిపించాయి. హమాలీలు తల వంచి చదవాల్సి వచ్చింది. ప్రోగ్రామ్ లాగ్ తీసి చూస్తే రొటేషన్ అడిగినట్టు, అది విజయవంతమైనట్టు ఉంది. ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి రెండు రోజులు తన కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాడు. తప్పు డ్రైవర్‌లో, నేను రాసిన మూడు లైన్లలో ఉంది. ప్లేన్ (తెర మీది ఒక బొమ్మ పొర) అప్‌డేట్ ఫంక్షన్‌లో "చిప్‌కు రొటేషన్ లేకపోతే ఊరికే వెనక్కు వెళ్ళు" అని రాసిపెట్టాను.

అప్పుడే "లేదు" అని నిజం చెప్పి ఉంటే ఆ ప్రోగ్రామ్‌కు వేరే దారి ఉండేది. ఒక ఫ్రేము 1920×1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, మొత్తం 82,94,400 బైట్లు. తెర మారే ప్రతిసారీ, అంటే సెకనుకు 60 సార్లు దానిని సీపీయూతో తిప్పాలంటే సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు రాయాలి. ఆ చిన్న బోర్డుకు అది మోయలేని బరువు. కాని ధర మారేది ఎప్పుడో ఒకసారి. మారినప్పుడల్లా ఒక్క ఫ్రేమును సీపీయూతోనే తిప్పి ఇచ్చినా ఎవరికీ తేడా తెలిసేది కాదు. పైవాడికి ప్రత్యామ్నాయం ఉందో లేదో డ్రైవర్‌కు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. తన చేతిలో ఉన్నది, లేనిది నిజంగా చెప్పడమే దాని బాధ్యత.

ఇక "లేదు" అన్న మాటలో ఎన్ని రకాలున్నాయో చూడండి. హన్మకొండ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర నిలబడితే నాలుగు రకాల జవాబులు వినిపిస్తాయి. "ఆ ఊరికి ఇక్కడి నుంచి బస్సు లేదు" అన్నది ఒకటి. అది విన్నవాళ్లు ములుగు దాకా పోయి అక్కడ మారుదామని ఆలోచిస్తారు. "మీరు చెప్పిన పేరుతో ఊరే లేదు" అన్నది రెండోది, పేరు సరిచూసుకుంటారు. "బస్సు ఇంకా డిపో నుంచి రాలేదు" అన్నది మూడోది, కూర్చుని ఎదురుచూస్తారు. "బస్సు దారిలో చెడిపోయింది" అన్నది నాలుగోది. ఈ నాలుగింటికీ కలిపి "బస్సు లేదు" అని ఒకే మాట చెబితే ప్రయాణికుడు ఎదురుచూడవలసిన చోట వెళ్లిపోతాడు, వెళ్లిపోవలసిన చోట ఎదురుచూస్తాడు. డ్రైవర్‌లో కూడా సౌకర్యం లేకపోవడం, అడిగిన విధానం తప్పు కావడం, కావలసిన వనరు ఇంకా సిద్ధం కాకపోవడం, ఉన్న హార్డ్‌వేర్ పనిచేయకపోవడం నాలుగూ వేరు వేరు. మీ కోడ్‌లో గందరగోళం కనిపించేది నెంబర్లలోనే అయినా, దాని వేరు ఈ నాలుగింటినీ కలిపేయడంలో ఉంది.

లేకపోవడం గురించి మొదట. లినక్స్ కెర్నల్‌లో డిస్‌ప్లేలను చూసుకునే డీఆర్ఎం భాగంలో దీనికి అన్నింటికంటే మంచి జవాబు, అసలు అడిగే అవకాశమే ఇవ్వకపోవడం. గామా పట్టిక లేని చిప్ మీద సీఆర్‌టీసీకి, అంటే తెరకు పిక్సెళ్లను వరుసగా పంపే భాగానికి, గామా ప్రాపర్టీని (ప్రోగ్రామ్ చదివి మార్చగల అమరికను) తగిలించకండి. కలర్ మేనేజ్‌మెంట్‌ను ఎనేబుల్ చేసే కోర్ (అన్ని డ్రైవర్లకూ ఉమ్మడి కోడ్) ఫంక్షన్‌కు గామా పట్టిక పరిమాణం సున్నా అని ఇస్తే ఆ ప్రాపర్టీ తగలదు. తగలని ప్రాపర్టీని ఎవరైనా అటామిక్ ఐఆక్టల్ (మార్పులన్నింటినీ ఒకేసారి అడిగే కెర్నల్ పిలుపు) ద్వారా అడిగితే కోర్ తానే ఈనోఎంట్ (అలాంటిది లేదు) అని తిరస్కరిస్తుంది. రొటేషన్ ప్రాపర్టీ సృష్టించేటప్పుడు ఏయే కోణాలు, ఏయే ప్రతిబింబాలు సాధ్యమో బిట్ మాస్క్‌గా ఇస్తాము. మొదటి తరానికి 0, 180 మాత్రమే ఇవ్వండి. 90 అడిగినవాడిని మీ డ్రైవర్ దాకా రానీయకుండా కోర్ ఈఇన్వాల్‌తో వెనక్కు పంపుతుంది. పిక్సెల్ ఫార్మాట్ల జాబితా కూడా అంతే. ప్లేన్‌ను సృష్టించేటప్పుడు ఇచ్చిన జాబితాలో లేని ఫార్మాట్‌ను కోర్ ఒప్పుకోదు. మూడింటిలోనూ మీరు రాయవలసిన తిరస్కరణ కోడ్ ఒక్క లైను కూడా లేదు. నిజమైన జాబితా ఇస్తే చాలు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. సౌకర్యం లేని చిప్ కోసం ఈఇన్వాల్ తిప్పి పంపే ఖాళీ ఫంక్షన్ ఒకటి రాసి, ఆపరేషన్ల పట్టికలో పెడతారు. అలా చేయకండి, ఆ స్థానాన్ని నల్‌గానే, అంటే ఖాళీగానే వదలండి. ఆ నల్‌ను చూసి ఏం జవాబివ్వాలో కోర్‌కు తెలుసు. ఆ జవాబులలో మీరు కోరుకునే ఏకరూపత లేదన్నది నిజమే: డంబ్ బఫర్ (సీపీయూతో గీయడానికి ఇచ్చే మామూలు మెమరీ) సృష్టించే సౌకర్యం లేకపోతే, పాత తరహా గామా ఐఆక్టల్‌కు ఆధారం లేకపోతే ఈనోసిస్ (ఆ పిలుపే లేదు) వస్తుంది, కర్సర్ లేకపోతే ఈఎన్ఎక్స్ఐఓ (ఆ పరికరం లేదు) వస్తుంది, పాత పేజ్ ఫ్లిప్‌కు (తెర మీది ఫ్రేమును మార్చే పిలుపుకు) ఫంక్షన్ లేకపోతే ఈఇన్వాల్ వస్తుంది. ఇవి వేరు వేరు కాలాలలో వేరు వేరు చేతులు రాసినవి. వీటిని మీ డ్రైవర్‌లో మీకు నచ్చిన నెంబరుకు మార్చే ప్రయత్నం మాత్రం వద్దు. ఆ నెంబర్లను చూసి నడుచుకునే ప్రోగ్రామ్‌లు బయట ఉండవచ్చు. అన్ని డ్రైవర్లూ ఒకేలా ప్రవర్తించడం, మీ ఒక్క డ్రైవర్ లోపల అందంగా ఉండడం కంటే విలువైనది.

కోర్ చేయగలిగిన పని అంతటితో అయిపోతుంది. ప్రాపర్టీ రూపంలో ముందుగా ప్రకటించలేని పరిమితులు చాలా ఉంటాయి, మీ స్కేలర్ వాటిలో ఒకటి. ప్లేన్ ఎంత పెద్దది చేయగలదో, ఎంత చిన్నది చేయగలదో చెప్పే సాధారణ ప్రాపర్టీ లేదు. రెండు ప్లేన్లు విడివిడిగా పనిచేసి, కలిపి అడిగితే మెమరీ బ్యాండ్‌విడ్త్ చాలక ఆగిపోయే చిప్‌లూ ఉన్నాయి. అలాంటి వాటికి సరైన చోటు అటామిక్ చెక్, అంటే అమరికను వేసే ముందు తనిఖీ చేసే ఫంక్షన్. 2015లో లినక్స్ 4.2తో అందరికీ అందుబాటులోకి వచ్చిన అటామిక్ పద్ధతికి ప్రాణమే ఈ విభజన: చెక్ దశలో ఎన్నిసార్లైనా "కాదు" అనవచ్చు, హార్డ్‌వేర్‌ను ముట్టుకోకూడదు, చెక్ దాటిన తర్వాత హార్డ్‌వేర్‌లో రాసే దశకు "కాదు" అనే హక్కు లేదు. వెస్టన్, కేవిన్ వంటి కంపోజిటర్లు (కిటికీలను కలిపి తెరకు పంపే ప్రోగ్రామ్‌లు) టెస్ట్ ఓన్లీ ఫ్లాగ్ పెట్టి ఒక అమరికను ముందు అడిగి చూస్తాయి. కాదంటే ఆ కిటికీని ప్లేన్ మీద పెట్టకుండా జీపీయూతో కలిపి గీస్తాయి. నేను ధరల బోర్డులో చేసిన తప్పు సరిగ్గా ఈ గీత దగ్గరే జరిగింది. చెక్‌లో చెప్పవలసిన మాటను అప్‌డేట్‌లో మింగేశాను. మీ రెండు సున్నాలు కూడా అప్‌డేట్ ఫంక్షన్లలోనే ఉన్నాయని మీరు పంపిన ముక్క చూస్తే తెలుస్తోంది.

స్కేలర్ కోసం సొంత లెక్క రాయకండి. ప్లేన్ స్టేట్‌ను తనిఖీ చేసే అటామిక్ హెల్పర్‌కు కనిష్ఠ, గరిష్ఠ స్కేల్‌లను 16.16 స్థిర బిందువు (పూర్ణ భాగానికి 16, భిన్నానికి 16 బిట్లు) రూపంలో ఇస్తాము. రెండింటికీ 65536, అంటే నో స్కేలింగ్ అనే స్థిరాంకం ఇస్తే మూలం, గమ్యం పరిమాణాలు ఒకటిగా లేని ప్రతి కోరికనూ అది ఈరేంజ్‌తో (హద్దు దాటింది) తిరస్కరిస్తుంది. ఫ్యూజ్ మూసేసిన రకానికి ఆ విలువ, మిగిలిన వాటికి చిప్ మాన్యువల్‌లోని పరిమితులు ఇస్తే కోడ్ దారి అన్ని చిప్‌లకూ ఒకటే అవుతుంది, మారేది రెండు అంకెలే.

ఇప్పుడు ఆ అంకెలు ఎక్కడ ఉండాలన్న సంగతి. మీ కోడ్‌లో "చిప్ వెర్షన్ రెండు కంటే తక్కువైతే" అన్న షరతు పదకొండు చోట్ల ఉంది. నాలుగో తరం వచ్చిన రోజు ఆ పదకొండు చోట్లా ఒక్కొక్కటిగా తిరిగి ఆలోచించాలి, అందులో ఒకటి తప్పకుండా మరచిపోతాము. వెర్షన్ నెంబరును ఒక్కసారే, ప్రోబ్ సమయంలో, అంటే డ్రైవర్ పరికరాన్ని మొదట గుర్తించేటప్పుడు చూడండి. ప్రతి తరానికి ఒక స్థిరమైన వర్ణన రాయండి: ఏ కోణాలు తిప్పగలదు, గామా పట్టికకు ఎన్ని గడులు, స్కేల్ పరిమితులు ఏమిటి, గరిష్ఠ పిక్సెల్ క్లాక్ ఎంత. డివైస్ ట్రీలోని (బోర్డు మీది హార్డ్‌వేర్ జాబితాలోని) పేరుకు ఎదురుగా ఆ వర్ణనను మ్యాచ్ డేటాగా పెట్టండి. దానిని నేరుగా వాడకుండా ఒక కాపీ తీసుకొని, ఫ్యూజ్ రిజిస్టరు చదివి, మూసేసిన సౌకర్యాలను ఆ కాపీలోంచి కొట్టేయండి. ఇంటెల్ ఐ915 డ్రైవర్ కూడా స్కైలేక్ తరం నుంచి ఫ్యూజ్ రిజిస్టరు చదివి, మూసి ఉన్న పైపులను (తెరకు బొమ్మ పంపే మార్గాలను), హెచ్‌డీసీపీని (కాపీ రక్షణను) తన దగ్గరి సమాచారంలోంచి ఇలాగే తీసేస్తుంది. ఆ తర్వాత ప్రాపర్టీలు తగిలించేవాడు, చెక్ రాసేవాడు, రిజిస్టర్లు రాసేవాడు ముగ్గురూ ఆ ఒక్క కాపీనే అడగాలి. ప్రకటించేది ఒకటి, ఒప్పుకునేది మరొకటి, చేసేది ఇంకొకటి కావడం అనే జబ్బు అక్కడితో పోతుంది.

అప్‌డేట్ ఫంక్షన్‌లో ఆ షరతును పూర్తిగా తీసేయాలా అంటే, తీసేసి దాని స్థానంలో డీఆర్ఎం వార్న్ (కెర్నల్ లాగ్‌లో గట్టి హెచ్చరిక) ఒకటి పెట్టడం నాకు సమ్మతమే. అక్కడిదాకా లేని రొటేషన్ వచ్చిందంటే అది పైవాడి తప్పు కాదు, మన చెక్‌లో రంధ్రం ఉందని అర్థం. దానికి విరుద్ధంగా చెక్‌లో మాత్రం వార్న్ గాని, ఎర్రర్ స్థాయి లాగ్ గాని ఉండకూడదు. యూజర్ ప్రోగ్రామ్ ఎన్నిసార్లైనా అడగగలిగిన చోట అది సెకనుకు 60 సార్లు అడిగితే గంటలో 2,16,000 లైన్లు లాగ్‌లో పడతాయి. వార్న్ మీదే ప్యానిక్ అయ్యేలా పెట్టుకున్న మెషిన్ అయితే మొత్తానికే పడిపోతుంది. డీబగ్ స్థాయిలో, కారణంతో సహా రాయండి. "ఇన్‌వ్యాలిడ్ స్టేట్" అన్న లైను ఎవరికీ ఉపయోగపడదు. ఏ ప్లేన్, ఏం అడిగారు, ఈ చిప్‌కు ఏం సాధ్యం అన్న మూడూ ఆ లైనులో ఉండాలి. డీఆర్ఎం డీబగ్ పారామీటర్‌లో అటామిక్‌కు కేటాయించిన 0x10 బిట్ వేయగానే కారణం కనిపిస్తుంది.

మానిటర్ వైపు పరిమితిని మన చిప్ పరిమితితో కలపకండి. వేరియబుల్ రిఫ్రెష్ రేటునే తీసుకుంటే, మన హార్డ్‌వేర్‌కే అది లేకపోతే వీఆర్ఆర్ కేపబుల్ ప్రాపర్టీని కనెక్టర్‌కు (మానిటర్ తగిలే చోటుకు) తగిలించవద్దు. మనకు ఉండి, తగిలించిన మానిటర్‌కు లేకపోతే ప్రాపర్టీ ఉంటుంది, దాని విలువ సున్నాగా ఉంటుంది. రేపు వేరే మానిటర్ పెడితే అది ఒకటి కావచ్చు. మోడ్ వ్యాలిడ్ ఫంక్షన్లలో ఇదే తేడా ఇంకా లోతుగా ఉంది. కనెక్టర్ మోడ్ వ్యాలిడ్ అనేది యూజర్‌కు చూపే మోడ్‌ల (తెర పరిమాణం, రిఫ్రెష్ రేటుల) జాబితాను వడకట్టడానికి మాత్రమే. ఈడీఐడీ (మానిటర్ తన గురించి ఇచ్చే సమాచారం) చెడిపోయిన మానిటర్‌కు జాబితాలో లేని మోడ్‌ను ఎవరైనా పట్టుబట్టి పెట్టుకోవచ్చు, కోర్ దానిని అక్కడ ఆపదు. సీఆర్‌టీసీ, దాని తర్వాత సిగ్నల్‌ను మార్చే ఎన్‌కోడర్, బ్రిడ్జ్‌ల మోడ్ వ్యాలిడ్‌లను మాత్రం అటామిక్ హెల్పర్ చెక్ దశలోనూ పిలుస్తుంది. కాబట్టి మన చిప్ పిక్సెల్ క్లాక్ పరిమితి కనెక్టర్‌లో ఉంటే అది సగం తలుపు వేసినట్టే. మీ రెండో తరం క్లాక్ పరిమితి ప్రస్తుతం కనెక్టర్‌లోనే ఉంది, దానిని సీఆర్‌టీసీకి మార్చండి.

ఇక నెంబర్లు. ఐఆక్టల్ మొత్తానికే ఆధారం ఈ డ్రైవర్‌లో లేకపోతే ఈఆప్‌నాట్‌సప్, అంటే 95. డీఆర్ఎం డాక్యుమెంటేషన్ కూడా ఇదే చెబుతుంది. తెలియని ఐఆక్టల్ నెంబరుకు డీఆర్ఎం ఈఇన్వాల్ ఇస్తుంది, తప్పు పారామీటర్‌కూ ఈఇన్వాలే వస్తుంది. వీటి నుంచి "ఈ హార్డ్‌వేర్‌కు ఇది లేదు" అన్న మాటను విడదీయడానికే 2018లో కోర్‌లోని చాలా చోట్ల ఈఆప్‌నాట్‌సప్ వచ్చింది. సౌకర్యం ఉండి, అడిగిన కలయిక కుదరకపోతే ఈఇన్వాల్, అంటే 22. అటామిక్ చెక్‌లో మీరు స్వయంగా రాసే తిరస్కరణలు దాదాపు అన్నీ ఇదే అవుతాయి. మీ కోడ్‌లోని ఈనాట్‌సప్‌ను ఇవాళే తీసేయండి. పేరులో రెండక్షరాల తేడాయే గాని అది 524, ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ) కోసం కెర్నల్ లోపల పెట్టుకున్న అంకె. యూజర్ స్పేస్‌కు దాని పేరే తెలియదు కాబట్టి తెర మీద "అన్‌నోన్ ఎర్రర్ 524" అని పడుతుంది. ప్యాచ్‌లను సరిచూసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడిపితే దీనిని పట్టుకుంటుంది. మీరు ప్యాచ్ పంపే ముందు అది నడపడం లేదని నా అనుమానం, అలవాటు చేసుకోండి.

ఒక్క నెంబరును మాత్రం ఎప్పుడూ మార్చకూడదు. చెక్‌లో ఇంకో ప్లేన్ లేదా సీఆర్‌టీసీ స్టేట్‌ను తెచ్చుకునేటప్పుడు ఈడెడ్‌లాక్ రావచ్చు. అది తిరస్కరణ కాదు, తాళాలు వదిలి మళ్లీ మొదటి నుంచి రమ్మని చేసే సూచన. "ఏ ఎర్రర్ వచ్చినా ఈఇన్వాల్ ఇద్దాం" అని ఏకరూపత పేరుతో దానిని కప్పేస్తే వందసార్లు నడిచి నూటొకటోసారి కారణం లేకుండా విఫలమయ్యే డ్రైవర్ తయారవుతుంది. మీ హెల్పర్ ఫంక్షన్‌లో సరిగ్గా అలాంటి లైను ఉంది.

"బస్సు ఇంకా రాలేదు" అన్న రకం ప్రోబ్‌లో ఎదురవుతుంది. ప్యానెల్‌కు రీసెట్ జీపీఐఓ (చిప్ నుంచి వచ్చే సిగ్నల్ తీగ) కొన్ని బోర్డుల మీద ఉంటుంది, కొన్నింటి మీద ఉండదు. జీపీఐఓకు ఆప్షనల్ రకం గెట్ వాడితే లేనప్పుడు నల్ వస్తుంది, క్లాక్‌కు కూడా నల్, విద్యుత్ ఇచ్చే రెగ్యులేటర్‌కు మాత్రం ఈనోడెవ్ వస్తుంది. ఈ మూడు జవాబులకే "లేదు" అని అర్థం. ఈప్రోబ్‌డిఫర్, అంటే 517 వస్తే వనరు ఉంది, దాని డ్రైవర్ ఇంకా లేవలేదు. మీరు ఏ ఎర్రర్ వచ్చినా "రెగ్యులేటర్ లేదు" అనుకొని ముందుకు పోతున్నారు. ఒక బూట్‌లో ప్యానెల్ వెలిగి, ఇంకో బూట్‌లో నల్లగా ఉండిపోతోందని మీరు చివరలో రాసిన ఫిర్యాదుకు మూలం ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈనోడెవ్‌ను మాత్రమే లేకపోవడంగా తీసుకొని, మిగతా ఎర్రర్లన్నింటినీ ఉన్నవి ఉన్నట్టే పైకి పంపండి.

చెడిపోవడం అన్న నాలుగో రకం ఐఆక్టల్ జవాబుగా రాదు. కమిట్ మధ్యలో డిస్‌ప్లేపోర్ట్ లింక్ ట్రైనింగ్ (కేబుల్ రెండు చివరలూ వేగం కుదుర్చుకోవడం) కుదరకపోతే కనెక్టర్ లింక్ స్టేటస్ ప్రాపర్టీని బ్యాడ్ అని పెట్టి, కనెక్టర్ స్థితి మారిందని ప్రోగ్రామ్‌కు చెప్పే హాట్‌ప్లగ్ ఈవెంట్ పంపాలి, అంతే.

మార్పులను ఏ వరుసలో చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే బయట బోర్డులు నడుస్తున్నాయని రాశారు. మొదటి ప్యాచ్‌లో వర్ణన పట్టిక మాత్రమే, ప్రవర్తన ఏమీ మారకూడదు. రెండో దాంట్లో ప్రాపర్టీలు ఆ పట్టికను చూసి తగలాలి. మూడో దాంట్లో చెక్ తిరస్కరణలు, నాలుగో దాంట్లో అప్‌డేట్‌లోని షరతుల తొలగింపు. ఇన్నాళ్లూ సున్నా చూసి సంతోషించిన ప్రోగ్రామ్ రెండో, మూడో ప్యాచ్‌లతో ఆగిపోవచ్చు. యూజర్ స్పేస్‌ను విరగ్గొట్టకూడదన్నది కెర్నల్‌లో గట్టి నియమం. కాబట్టి మీ బోర్డు మీద నడిచే ప్రోగ్రామ్ రొటేషన్ మాస్క్‌ను చదివి, 90 లేకపోతే తానే తిప్పుకునేలా ముందు మార్చి, అది బోర్డులకు చేరిన తర్వాతే ఆ రెండు ప్యాచ్‌లనూ పంపండి. సున్నా వెనుక దాగిన తప్పులను ఐజీటీ అనే డీఆర్ఎం పరీక్షలలో కేఎంఎస్ రొటేషన్ సీఆర్సీ పట్టుకుంటుంది, ఎందుకంటే అది జవాబును నమ్మకుండా తెర మీదికి వెళ్లిన బొమ్మ సీఆర్సీని (పిక్సెళ్ల నుంచి లెక్కగట్టిన సరిచూపు అంకెను) పోల్చి చూస్తుంది. సౌకర్యం లేని చిప్ మీద ఆ పరీక్ష స్కిప్ అని రావాలి. పాస్ వచ్చినా, ఫెయిల్ వచ్చినా పట్టికలో ఎక్కడో తప్పుంది. మీ మొదటి తరం చిప్‌కు సీఆర్సీ లెక్కించే హార్డ్‌వేర్ లేదని రాశారు కాబట్టి, దాని కోసం ఒక మూలన ఎరుపు, ఇంకో మూలన నీలం చతురస్రం ఉన్న బొమ్మ తయారుచేసి, 0, 180 కోణాలలో చూపి, రెండుసార్లూ ఫోన్‌తో ఫొటో తీసి ప్యాచ్‌తో పాటు దాచిపెట్టండి. మేము ఆ యార్డు బోర్డులను మార్చిన రోజున గేటు దగ్గర నిలబడి అలాగే చేశాము.